చెరువు గట్టున డెబ్బై ఒక్క పుల్లలు

నాకు ఈత రాదు. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇక్కడ రాసేదంతా అబద్ధమవుతుంది. పదేళ్ళ వయసులో మా ఊరి పక్కన చంపావతి ఏట్లో స్నానానికి దిగి, కాలు జారి, అడుగు అందక కొట్టుకున్నాను. ఎవరో జుట్టు పట్టుకుని బయటికి లాగారు. "రెండు గుక్కలే తాగేడు, ఏటీ కాదు" అన్నాడట లాగినాయన. ఆ రెండు గుక్కల భయం నాకు పన్నెండేళ్ళు సరిపోయింది. ఆ పన్నెండేళ్ళూ మోకాలు దాటిన నీళ్ళలోకి నేను దిగలేదు.

అలాంటివాణ్ణి, ఊరంతా ఒక్కసారిగా చెరువులో దిగి చేపలు పట్టే రోజు చూడ్డానికి కొరాపుట్ కొండల్లోకి వెళ్ళాను. తొంభైల చివర్లో, సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని వేసవిలో వెళ్ళాను. మీలో ఎవరైనా అటు వెళ్ళాలనుకుంటే ఏ బస్సు ఎన్నింటికో నన్ను అడగకండి, అవన్నీ మారిపోయి ఉంటాయి. చెరువు గట్టు మీద జరిగింది మాత్రం చెప్పగలను.

రాయగడ

రాయగడ బజారులో మా మావయ్యకు కొట్టుంది. ఉప్పు, ఎండుచేపలు, నైలాన్ తాళ్ళు, వలలు అల్లే దారం అమ్ముతాడు. ఆ వీధిలో నడుస్తుంటే విజయనగరం గంటస్తంభం దగ్గర ఉన్నట్టే అనిపిస్తుంది. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బోర్డు కింద కూర్చున్నవాడు మాత్రం మన యాసలోనే కసురుకుంటాడు.

"ఒరే రమణా, ఉద్యోగం కాయితం కోసం గుమ్మం వైపు సూత్తా ఎన్నాళ్ళు కూకుంటావురా?" అన్నాడు మావయ్య. "మన అప్పన్న నందపూర్ ఎల్తన్నాడు. అక్కడో ఊళ్ళో సెరువు తెరుస్తారు. కూడా ఎల్లు. సూడాల్సిన యవ్వారం అది."

"లోతుంటుందా మావయ్యా?"

"నిన్నెవుడు దిగమన్నాడ్రా? గట్టు మీద గొడుగేసుకుని కూకో."

వంటింట్లోంచి అత్తయ్య అంది, "ఆడికి బయం ఎక్కువ. ఒగ్గీండి పాపం."

నన్ను ప్రయాణం కట్టించింది మావయ్య మాట కాదు, అత్తయ్య అన్న ఆ 'పాపం'.

ఏ పని మొదలుపెట్టినా అందులో ఏమేమి చెడవచ్చో ముందు కాగితం మీద పెట్టడం పాలిటెక్నిక్‌లో నాకు అబ్బిన అలవాటు. రైలెక్కేముందు నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఒకటి, నీళ్ళు. రెండు, మలేరియా. మూడు, ఘాట్ రోడ్డు మీద బస్సు. నాలుగు, పాములు. ఐదు, భాష. ఆరో అంకె వేసి ఖాళీగా వదిలాను. నాకు తట్టని భయం ఒకటి ఎప్పుడూ ఉంటుందని మా సర్వే మాస్టారు చెప్పేవారు.

సొరంగాల దారి

అప్పన్న మావయ్య కొట్లో గుమాస్తా. యాభై దాటినవాడు. కొండ ఊళ్ళ దేశియా భాష తెలుగంత తేలిగ్గా మాట్లాడతాడు. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. దారి పొడుగునా ఆయన నోట్లో చుట్ట ఉండేది, దాన్ని వెలిగించగా నేను ఒక్కసారే చూశాను.

రాయగడ నుంచి కొరాపుట్ పోయే లైను అప్పటికి కొత్త. వంతెన మీంచి సొరంగంలోకి, సొరంగంలోంచి వంతెన మీదికి పోతుంది. కాలేజీలో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న పనులన్నీ కిటికీ బయట నిజంగా నిలబడి ఉంటే ఒక సివిల్ కుర్రాడు పొంగిపోవాలి. నేను మాత్రం వంతెన స్తంభం కింద లోయ ఎంత లోతుంటుందో అంచనా వేస్తూ, కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. మా పెట్టెలో దీపం లేదు. సొరంగంలోకి పోగానే ఎదురుగా ఉన్న మనుషులు మాయమయ్యేవారు. వెలుగు రాగానే నేను వాళ్ళను లెక్కపెట్టేవాణ్ణి. మాతో కలిపి పదకొండు మంది, ఒక బుట్టలో నాలుగు కోళ్ళు. ప్రతిసారీ లెక్క సరిపోయేది. సరిపోగానే గుండె కుదుటపడేది.

"లెక్కెడితే సొరంగం పొట్టిదైపోతాదేటి బాబూ?" అన్నాడు అప్పన్న.

"కాదు బాబాయ్, ఊరికే."

"ఊరికే అంటావు, పెదాలు పాలిపోయేయి. వడ తిను."

అడ్డాకులో కట్టిన మినప వడలు, రూపాయికి రెండు. మా వైపు వడకు చిల్లు ఉంటుంది, ఇక్కడ లేదు. లోపల అల్లం ముక్కలు పెద్దవి. భయంలో కూడా రుచి తెలుస్తుందని అప్పుడే నాకు తెలిసింది.

నందపూర్ సంత

ఘాట్ రోడ్డు మీద బస్సులో నేను కళ్ళు మూసుకున్నాను కాబట్టి ఆ దారి అందం గురించి చెప్పడానికి ఏమీ లేదు. నందపూర్ ఒకప్పుడు జయపురం రాజులకు రాజధాని అట. మేము వెళ్ళింది సంత రోజు కాబట్టి నాకు రాజధాని కంటే చింతపండు గుట్టలే ఎక్కువ కనిపించాయి.

ధరలు రాసుకున్నాను. వెదురు చాట ఎనిమిది రూపాయలు. అల్లం శేరు లెక్కన. ఎర్రచీమల పచ్చడి ఆకు దొన్నెలో అర్ధరూపాయి. అది నిమ్మకాయ పిండిన కారంలా పుల్లగా ఉంటుంది. కళ్ళు మూసుకుని తింటే బాగుంటుంది, తెరిస్తే కాళ్ళు కనిపిస్తాయి. మా వైపు సంతలో అమ్మేవాడు అరుస్తాడు. ఇక్కడ అమ్మే ఆడవాళ్ళు గుట్ట ముందు మౌనంగా కూర్చుంటారు, బేరం ఆడేవాడే చెమటలు కక్కుతాడు.

సుక్రు మాకు అక్కడే కలిశాడు. మేం వెళ్ళే ఊరు అతనిదే. నా కంటే పదేళ్ళు పెద్ద, సన్నటి మనిషి. ఆరు వేసవులు శ్రీకాకుళం వైపు ఇటుక బట్టీల్లో పని చేశాడు కాబట్టి తెలుగు వచ్చు, అదీ అచ్చం మా అత్తయ్య మాట్లాడే తెలుగు.

"ఈ బాబు ఇంజినీరు," అన్నాడు అప్పన్న గొప్పగా.

"అలాగేటి! రేపు సెరువులోకి దిగుతాడా?"

"దిగడు. ఊరికే సూత్తాడు."

"సూడ్డానికి ఇంజినీరెందుకు?" అని నవ్వాడు సుక్రు. తప్పుగా ఏమీ అనలేదు. నాకే చురుక్కుమంది.

సంత నుంచి ఊరికి రెండు గంటల నడక. చివరి మలుపు తిరగ్గానే రెండు కొండల మధ్య చెరువు కనిపించింది. నాలుగెకరాలు ఉంటుంది. ఇటువైపు మట్టి గట్టు, తూము. అటువైపు కొండవాగు వచ్చి కలిసే చోట మనిషెత్తు జమ్ము. వేసవి కాబట్టి నీళ్ళు తగ్గి, గోధుమ రంగులో, అడుగు ఎక్కడుందో తెలియకుండా ఉన్నాయి.

"లోతెంత?" అన్నాను.

"మద్దెలో పీకల దాకా. ఆ జమ్ము దగ్గర నీళ్ళు తక్కువే గాని బురద ఉన్నాది. కాలెడితే ఒదల్దు. పెద్ద సేపలన్నీ అక్కడే దాక్కుంటాయి."

నేను నోటుపుస్తకం తీసి 'ఒకటి, నీళ్ళు' పక్కన 'బురద కూడా' అని చేర్చాను.

నీలం దారం బుట్ట

సుక్రు ఇంట్లో అతని భార్య, మేనత్త దైమతి ఉంటారు. దైమతికి అరవై దాటి ఉంటాయి. చెవిలో అరిచినా సగమే వినిపిస్తుంది. నేను అరుగు మీద కూర్చోగానే సొరకాయ బుర్రలోంచి అంబలి వంపి ఇచ్చింది. చోడంబలే, అంటే రాగి అంబలి, మా ఇంట్లోనూ కాస్తారు. మేము మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుంటాం; వీళ్ళు రాత్రంతా పులియబెట్టి అలాగే తాగుతారు. మొదటి గుక్కకు ముఖం చిట్లించాను. ఆమె నా ముఖం చూసి, నా బూట్లు చూసి, గట్టిగా నవ్వింది.

ఆమె ఒళ్ళో ఊత ఉంది. ఊత అంటే పైనా కిందా తెరిచి ఉండే వెదురు బుట్ట. నీళ్ళలో చేప ఉందనిపించిన చోట దాన్ని గభాలున బోర్లించి, పై కంతలోంచి చెయ్యి పెట్టి చేపను తీస్తారు. ఒక పక్క వెదురు విరిగితే ఆమె నీలం నైలాన్ దారంతో చుట్టి కడుతోంది. ఆ దారం మా మావయ్య కొట్టుదే. నేను టేపు తీసి కొలిచాను. ఎత్తు రెండడుగులు, అడుగున వెడల్పు పంతొమ్మిది అంగుళాలు. పైన చెయ్యి పట్టేంత కంత.

దైమతి ఏదో అంది. సుక్రు నవ్వాడు.

"ఏటంటంది?" అని అడిగాడు అప్పన్న.

"కొలిసేడు గదా, కొంటాడేటని అడుగుతంది. అమ్మదంట. రేపు దీంతో ఈ బాబు బూటంత సేప పడతాదంట."

ఈ ప్రయాణంలో నాకు మిగిలే మంచి జ్ఞాపకం ఇదొక్కటే కావచ్చని ఆ సాయంత్రం అనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు. అరుగు మీంచి చూస్తే చెరువు మీద గాలి లేదు. అంత నీరు అంత నిశ్చలంగా ఉంటే నాకు ఊపిరి ఆడదు.

పుల్లలు

మా ఊరి చెరువును ఏటా వేలం పాటకు పెడతారు. పాడుకున్నవాడు మనుషులను పెట్టి వల లాగిస్తాడు, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంది. ఇక్కడ పాట లేదు. ఒక చైత్రం నుంచి మళ్ళీ చైత్రం దాకా చెరువు మూసి ఉంచుతారు, గాలం కూడా వెయ్యరు. చైత్రంలో ఒక్క రోజు తెరుస్తారు. ఊళ్ళో దిగగలిగినవాళ్ళంతా దిగుతారు. దొరికిందంతా ఒక చోట పోసి, దిగిన తలకు ఒక వాటా చొప్పున పంచుకుంటారు. ఒకడికి ఇరవై దొరికి ఇంకొకడికి ఏమీ దొరక్కపోయినా వాటా ఒక్కటే.

తెరిచేది, మూసేది దిసారి. ఊరికి మంచి రోజు చూసి చెప్పే పెద్దాయన. మర్నాడు పొద్దున ఆయన గట్టు మీద బియ్యం చల్లి కోడిని తిప్పాక జనం వరుసగా వచ్చారు. ఒక్కొక్కరు జానెడు పుల్ల తెచ్చి తూము పక్కన మట్టిలో గుచ్చి, నీళ్ళు నుదుటికి రాసుకుని పక్కకు జరిగారు.

"ఏమిటిది?" అన్నాను.

"దిగినోళ్ళ లెక్క బాబూ," అన్నాడు సుక్రు. "సివర్న ఢోలు మోగితే అందరం పైకొచ్చి తలో పుల్ల పీకుతాం. ఎవుడి పుల్లైనా పరవాలేదు. ఒక మనిషికి ఒక పుల్ల. అన్నీ పీకేక ఒకటి మిగిలితే, ఒకలు లోపలున్నట్టు."

నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. పేర్లు లేవు, రాత లేదు, తప్పు దొర్లడానికి చోటు లేదు. మా కాలేజీ వర్క్‌షాపులో హాజరు పట్టీ కంటే నమ్మకమైన ఏర్పాటు. మొదలుపెట్టాక కొత్తవాళ్ళు దిగకూడదట. మధ్యలో నీళ్ళు తాగడానికి పైకి వచ్చినా పుల్ల ముట్టుకోకూడదట. నేను రెండుసార్లు లెక్కపెట్టి రాసుకున్నాను: డెబ్బై ఒకటి. అంకె కింద గీత గీశాను.

ఢోలు మోగింది. డెబ్బై ఒక్క మంది ఒక్క కేకతో దిగారు. ఆ కేకకు అవతలి కొండ మీది కొంగలు లేచిపోయాయి. మొదట గట్టు దగ్గర, తరువాత నడుము లోతులో, ఊతలు లేస్తూ పడుతూ ఒక వరుసలా ముందుకు పోయాయి. నీళ్ళు బురదగా మారాయి. దొరికిన చేపలను నడుముకు కట్టిన బుట్టల్లో వేసుకుంటున్నారు: కొర్రమీనులు, ఇంగిలాయిలు, వేలెడు పరిగెలు. ఒకడు పాము పట్టి ఎత్తి చూపించి మళ్ళీ వదిలేశాడు. నా పుస్తకంలో నాలుగో భయం ఈదుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరైనా మునిగి లేస్తే, లేచేదాకా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. మధ్యాహ్నానికి నా ఛాతీ నొప్పి పెట్టింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరు ఆడవాళ్ళు నా బూట్లు చూపించుకుని నవ్వుకున్నారు. అప్పన్న అన్నాడు, "పాదాలు తడిపితే పానం పోదులే బాబూ. తూము దగ్గర రాతి మెట్టున్నాది, అక్కడ నిలబడు."

బూట్లు విప్పాను. ప్యాంటు మడిచాను. మెట్టు మీద నిలబడితే పిక్కల దాకా నీళ్ళు వచ్చాయి. నాకది గొప్పే. ఇంటికి వెళ్ళాక అత్తయ్యకు చెప్పడానికి వాక్యం కూడా తయారు చేసుకున్నాను.

అప్పుడే చివరి ఢోలు మోగింది. జనం ఒక్కసారిగా నా వైపే వచ్చారు. నీళ్ళు ఎగజిమ్మి నా చొక్కా తడిసిపోయింది. అందరూ నవ్వుతూ, చలికి వణుకుతూ, పుల్లలు పీకుతున్నారు. ఎవరో ముసలాయన నా తడిసిన బట్టలు చూసి, నేనూ లోపలి నుంచే వచ్చాననుకుని, నా మణికట్టు పట్టుకుని పుల్లల దగ్గరికి లాక్కెళ్ళి, తీయమన్నట్టు తల ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా చూశారు. నేను దిగలేదని చెప్పడానికి నాకు భాష రాదు. అది సాకు. తల అడ్డంగా ఊపడానికి భాష అక్కర్లేదు.

వంగి ఒక పుల్ల పీకాను.

వాటాలు

పీకిన పుల్లలన్నీ ఊరి పెద్ద నాయక్ ముందు పోశారు. గట్టు మీద ఒక్క పుల్ల కూడా నిలిచి లేదు. దిసారి అది చూసి, తూము మీద బియ్యం చల్లి, ఒక తీగ కట్టి చెరువు మూసేశాడు. ఇక వచ్చే చైత్రం దాకా అందులో కాలు పెట్టకూడదు.

చేపలన్నీ రాయి మీద పోసి, పుల్లకు ఒకటి చొప్పున అడ్డాకులు పరిచి కుప్పలు వెయ్యడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు కొందరు వంట గిన్నెలు తేవడానికి ఇళ్ళకు వెళ్ళారు. అప్పన్నకు ఎవరో జీలుగు కల్లు ఇచ్చారు. నేను అలవాటు కొద్దీ కుప్పలు లెక్కపెట్టాను. డెబ్బై ఒకటి. పుస్తకం తీశాను. డెబ్బై ఒకటి. సరిపోయింది. రైల్లో లాగే గుండె కుదుటపడింది.

పుస్తకం మూయబోయి ఆగాను.

గుచ్చినవి డెబ్బై ఒకటి. నేను గుచ్చలేదు. నేనూ ఒకటి పీకాను. పీకినవి డెబ్బై ఒకటే అయితే, నన్ను తీసేస్తే పైకి వచ్చినవాళ్ళు డెబ్బై మంది.

మళ్ళీ లెక్కపెట్టాను. పుల్లలు లెక్కపెట్టినప్పుడు ఒకటి ఎక్కువ పడి ఉండొచ్చని నాకు నేను చెప్పుకున్నాను. రెండుసార్లు లెక్కపెట్టిన సంగతి నాకు తెలుసు. చెరువు వైపు చూశాను. గాలి లేదు. నిన్నటిలాగే నిశ్చలంగా ఉంది. ఈ లెక్క ఇక్కడ నా ఒక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే అందరికీ వాటా సరిపోతుంది, అందరూ ఇళ్ళకు పోతారు. చెబితే, వాళ్ళ దేవుడి ముందు అబద్ధపు పుల్ల పీకిన పరాయివాణ్ణి అవుతాను. అడవిలో, భాష రాని ఊళ్ళో, నా చుట్టూ డెబ్బై మంది. ఇవన్నీ ఆలోచిస్తూ నేను ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలుసు, గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"సుక్రూ," అన్నాను. "ఒక మనిషి నీళ్ళలో ఉన్నారు."

"పుల్లల్లేవు గదా బాబూ."

"ఒకటి నేను పీకాను."

"నువ్వు దిగేవా?"

"లేదు."

అతను నా ముఖం చూశాడు. తరువాత, పిక్కల దాకానే బురద అంటిన నా కాళ్ళు చూశాడు. నవ్వు పోయింది.

"ఓలమ్మ! ఏటి పని సేసేవు బాబూ!" అని అప్పన్న దొన్నె పడేశాడు.

సుక్రు వాళ్ళ భాషలో అరిచాడు. ఇల్లిల్లూ పేర్లు పిలుచుకున్నారు. అందరూ ఉన్నారు. సుక్రు భార్య మాత్రం అటూ ఇటూ చూసి ఏదో అడిగింది. "మా అత్త పుల్ల పీకేసి ముందే ఇంటికెళ్ళిపోనాదనుకున్నాం," అన్నాడు సుక్రు నాతో. "ఏటా అలాగే ఎల్లిపోతాది." అతని భార్య ఇంటి వైపు పరిగెత్తింది. గుమ్మం దగ్గర ఆగి, అక్కడి నుంచే చెయ్యి అడ్డంగా ఊపింది.

దైమతికి ఢోలు వినపడదు.

నీళ్ళు

కుర్రాళ్ళు గట్టు వెంట పిలుస్తూ పరిగెత్తారు, నీళ్ళలో మాత్రం ఎవరూ కాలు పెట్టలేదు. మూసిన చెరువు అది. దిసారి నా ముందుకు వచ్చి రెండు పుల్లలు నా చేతిలో పెట్టి ఏదో అన్నాడు.

"సెరువు లెక్కలో ఆయమ్మ బయటికొచ్చేసినట్టే," అన్నాడు సుక్రు, తొందరగా. "లోపలే ఉన్నాదని నువ్వే సెప్పాల. పీకిన సెయ్యే నాటాల. అది ఆయమ్మకి. రెండోది నీకు."

"నాకెందుకు?"

"ముందు నువ్వే దిగాల బాబూ. నీ ఎనక మేం."

రెండు పుల్లలూ గుచ్చాను. రెండోది వంకరగా నిలిచింది. నాయక్ తీగ తెంపాడు. నేను మెట్టు దిగాను.

ఈ భాగం త్వరగా చెబుతాను. మోకాళ్ళు. తొడలు. నడుము. నా ఎడమ చెయ్యి సుక్రు పట్టుకున్నాడు, కుడి చెయ్యి నాయక్. వాళ్ళ అవతల ఊరంతా చేతులు పట్టుకుని వరుసగా, జల్లెడ పట్టినట్టు కదిలాం. చెరువులో మునిగిపోతానన్న భయం నడుము లోతు దాకానే ఉంది. ఆ తరువాత దాన్ని మించిన భయం పట్టుకుంది. అడుగు వేసిన ప్రతిసారీ నా కాలికి ఏం తగులుతుందోనని. మెత్తగా ఏదైనా తగిలితే అది బురదేనని తెలిసేదాకా నేను లోపల చచ్చిపోయేవాణ్ణి. నీళ్ళు ఛాతీకి వచ్చాయి. సుక్రు "అత్తా, అత్తా" అని పిలుస్తున్నాడు, ఆమెకు వినపడదని తెలిసీ.

జమ్ము దగ్గరికి వచ్చాం. ఆకుపచ్చ, గోధుమ రంగు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆ జమ్ము మధ్య నాకు నీలం కనిపించింది. అంగుళం నీలం.

"అక్కడ! దారం!" అని అరిచాను.

దైమతి తొడల దాకా బురదలో కూరుకుపోయి ఉంది. నీళ్ళు భుజాల దాకా ఉన్నాయి. రెండు చేతులూ ఊత మీద వేసి, చేతుల మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. కదల్లేదు. అందరిలో దగ్గరున్నది నేను. సుక్రు చెయ్యి వదిలించుకుని ఆమె భుజం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. తెల్లవారుజామున బావి రాయిలా చల్లగా.

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. విసుగ్గా ఏదో గొణిగింది.

సుక్రు ఏడుస్తూ నవ్వాడు. "గోల సెయ్యొద్దంటంది. ఊతలో సేపుందంట. కాళ్ళు దిగిపోనాయి గాని సేపని ఒదల్నంటంది."

ముగ్గురు కలిసి ఆమెను పైకి లాగారు. ఊత పక్కకు ఒరగగానే మోచెయ్యంత కొర్రమీను నా కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. నేను పెట్టిన కేక అవతలి కొండకు తగిలి తిరిగి వచ్చింది. డెబ్బై మంది నవ్వారు. దైమతి నవ్వలేదు. అంతసేపు కాసిన చేపను పోగొట్టినందుకు నా భుజం మీద ఒక్కటి వేసింది.

గట్టెక్కాక ఎవరో ఆమెకు దుప్పటి కప్పారు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. అయినా వంగి, నేను గుచ్చిన రెండు పుల్లల్లో తిన్నగా ఉన్నది పీకింది. పీకి వెళ్ళిపోలేదు. సుక్రు లాగినా కదల్లేదు. వంకర పుల్ల వైపు గడ్డం చూపిస్తూ, నన్నే చూస్తూ నిలబడింది. నేను నీళ్ళు కారుతూ వచ్చి దాన్ని పీకేదాకా ఆమె పొయ్యి దగ్గరికి పోలేదు.

కుప్పలు మళ్ళీ వేశారు, డెబ్బై రెండు. నాకొద్దన్నాను. నాయక్ తల ఊపి ఒక మాట అన్నాడు, సుక్రు చెప్పాడు: "దిగినోడికి వాటా. మళ్ళీ యేడు వస్తే, ముందు నాటు."

ఆ ఊళ్ళో నన్ను ఎవరైనా తిట్టారంటే అంతే. పీకిన పుల్లలతోనే పొయ్యి రాజేశారు, అది వాళ్ళ ఆనవాయితీ. నా పుల్ల కూడా అందులో కాలింది. పసుపు, పచ్చిమిర్చి, చింతాకు వేసి వండిన ఆ చేపల పులుసు మా ఇంట్లో దానికంటే పలచన. అలాంటిది నేను మళ్ళీ తినలేదు. తింటున్నంతసేపూ నా చేతి వేళ్ళకు ఆమె భుజం చలి తగులుతూనే ఉంది.

తిరుగు దారి

వెళ్ళిన దారే. సొరంగంలోకి పోతే మనుషులు మాయమయ్యారు, వెలుగులో తిరిగి వచ్చారు. మా పెట్టెలో తొమ్మిది మంది. లెక్క ప్రతిసారీ సరిపోయింది. కానీ ఈసారి గుండె కుదుటపడలేదు. ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చున్నాను.

"ఏటి బాబూ, లెక్క సరిపోలేదేటి?" అన్నాడు అప్పన్న.

"సరిపోయింది బాబాయ్."

రాయగడలో మావయ్య అడిగాడు, "దిగేవేట్రా?" దిగానన్నాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నా ముఖం చూసి మంచినీళ్ళు ఇచ్చింది. ఆమెకు చెప్పడానికి తయారు చేసుకున్న వాక్యం చెప్పలేదు.

ఇంటికి వచ్చాక నోటుపుస్తకం తెరిచాను. ఒకటి, నీళ్ళు, బురద కూడా. కొట్టెయ్యలేదు, ఇప్పటికీ భయమే. ఇప్పటికీ నాకు ఈత రాదు. ఖాళీగా వదిలిన ఆరో అంకె పక్కన మాత్రం రాశాను:

ఆరు, లెక్క సరిపోవడం.